నర్సు బడిలో పెద్ద వయసు విద్యార్థినులు

"ఈ వయసులో చదువేమిటమ్మా? అందులోనూ నర్సు చదువా!"

మన ఇళ్ళలో ఈ మాట వినని వారు అరుదు. ముప్ఫై ఏళ్ళు దగ్గరపడిన ఆడపడుచు గాని, పిల్లల తల్లి గాని, భర్తను పోగొట్టుకొన్న స్త్రీ గాని "నేను నర్సు ట్రైనింగుకు వెళ్తాను" అన్నదంటే చాలు, పెద్దలు రెండు అభ్యంతరాలు చెబుతారు. ఒకటి, చదువుకొనే వయసు దాటిపోయింది. రెండు, అది మర్యాదస్తులు చేసే పని కాదు. ఈ రెండు మాటలూ చరిత్ర ముందు నిలుస్తాయో లేదో చూద్దామనే ఈ వ్యాసం. ఈ మాటలు అన్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి దాచను, చివర చెబుతాను.

టర్కీలో మొదలైన కథ

నర్సు చదువు చరిత్ర చెప్పాలంటే లండన్ కన్నా ముందు టర్కీ పేరు చెప్పాలి. 1853 నుంచి 1856 వరకు జరిగిన క్రిమియా యుద్ధంలో టర్కీ, బ్రిటన్, ఫ్రాన్సు ఒక పక్క, రష్యా ఒక పక్క. గాయపడిన బ్రిటిషు సైనికులను ఉంచటానికి టర్కీ ప్రభుత్వం ఇస్తాంబుల్‌కు ఆవలి ఒడ్డున, ఉస్కుదార్‌లో ఉన్న తన పెద్ద సైనిక బారకాసును ఇచ్చింది. 1854 నవంబరులో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చి పనిచేసింది అక్కడే. ఆమె సేవకు మెచ్చి టర్కీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ వజ్రాల కంకణం బహూకరించాడు. ఒక ముస్లిం పాదుషా గౌరవించిన పని మన ఇంట్లో అగౌరవం ఎట్లా అవుతుంది? ఆలోచించవలసిన విషయం.

1855లో లండన్‌లో ఆమె పేరిట ఒక నిధి ప్రారంభించారు. సుమారు 44,000 పౌండ్లు పోగయ్యాయి. అందులో దాదాపు 9,000 పౌండ్లు మామూలు సైనికులు ఒకరోజు జీతం చొప్పున ఇచ్చుకొన్నవి. ఆ డబ్బుతో ఏం చేయాలన్నది ప్రశ్న. నర్సులకు బడి పెట్టాలన్నది నైటింగేల్ ఉద్దేశ్యం.

అప్పట్లో ఆ మాట చాలామంది వైద్యులకే నచ్చలేదు. ఏ ఆసుపత్రిలో ఆ బడి పెట్టారో అదే సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన జాన్ ఫ్లింట్ సౌత్ అనే పెద్ద సర్జను, నర్సులు ఇంటి పనిమనుషుల వంటివారేననీ, పోల్టీసు వేయటం లాంటివి తప్ప వారికి నేర్పవలసింది పెద్దగా లేదనీ 1857లో పుస్తకం వ్రాసి మరీ అచ్చు వేశాడు. అంటే "నర్సు పనికి చదువెందుకు?" అన్న చులకన మన దేశంలో పుట్టింది కాదు. నర్సు చదువు పుట్టిన ఆసుపత్రిలోనే అది ఉండేది.

ఇరవై అయిదుకు ముందు వద్దు

1860 వేసవిలో లండన్ బ్రిడ్జి దగ్గర ఉన్న ఆ ఆసుపత్రిలోనే బడి తెరిచారు. మొదటి జట్టులో 15 మంది. వారిని ప్రొబేషనర్లు అనేవారు. వయసు నిబంధన ఏమిటో తెలుసునా? 25 నుంచి 35 సంవత్సరాల లోపు! మన పెద్దలు "వయసు మీరిపోయింది" అనే చోట ఆ బడి తలుపు తెరుచుకొనేది.

కారణం ఊహించటం కష్టం కాదు. చావు పుట్టుకలు చూసి, ఇల్లు నడిపి, కష్టసుఖాలు ఎరిగిన మనిషి రోగి మంచం పక్కన నిలబడితే ఆ నిలబడటంలో నిబ్బరం ఉంటుంది. జీవితం నేర్పిన ఓర్పు మీద చదువు కట్టుకోవచ్చు.

ఆ బడికి పెద్ద దిక్కు ఆసుపత్రి మేట్రన్ శ్రీమతి సారా వార్డ్‌రోపర్. ఆమె కథ మన వాళ్ళందరూ వినదగినది. 42 ఏళ్ళ వయసులో భర్త పోయాడు, చేతిలో చిన్న పిల్లలు. ఆసుపత్రి పనిలో శిక్షణ అంటూ ఆమె ఎన్నడూ పొందలేదు, ఆ రోజుల్లో పొందుదామన్నా దొరికేది కాదు. అయినా 1854లో మేట్రన్ అయి, 1887 దాకా 33 ఏళ్ళు ఆ బాధ్యత మోసింది. ప్రపంచంలో పేరు మోసిన మొదటి నర్సు బడిని నడిపింది నలభై దాటాక ఆసుపత్రి గడప తొక్కిన ఒక వితంతువు.

నైటింగేల్ అప్పటికే జబ్బుతో మంచాన ఉండేది. ఆమె ఆ బడిలో ఒక్కనాడూ పాఠం చెప్పలేదు. ఉత్తరాల ద్వారా, నివేదికల ద్వారా చూసుకొనేది.

రోజు ఎలా గడిచేది

శిక్షణ ఒక సంవత్సరం. తిండి, బస, బట్టలు ఉతికించే ఖర్చు నిధివారిదే. పైన ఏడాదికి 10 పౌండ్లు చేతికి ఇచ్చేవారు. గోధుమరంగు గౌను, దానిమీద తెల్లని ఏప్రన్, తలకు తెల్లని టోపీ వారి వేషం. ఆసుపత్రి పై అంతస్తులో వారి నివాసం. ఒక్కొక్కరికి తడికెలతో విడదీసిన చిన్న గది, అందరూ కలిసి కూర్చోవటానికి ఒక హాలు. ఆ హాలుకు నైటింగేల్ పుస్తకాలు, పటాలు, పూలు పంపిస్తూ ఉండేది.

బయటకు వెళ్ళాలంటే ఒంటరిగా వెళ్ళకూడదు, ఇద్దరు కలిసి వెళ్ళాలి. "ఆసుపత్రిలో ఆడపిల్లలను అదుపు చేసేవారు ఎవరు?" అని అడిగే మన వాళ్ళకు ఇది చెప్పాలి. ఇంట్లో ఉండేదానికన్నా అదుపు అక్కడే ఎక్కువ. పాతికేళ్ళు దాటినవారు, సంసారం చేసినవారు కూడా ఆ కట్టుబాటుకు లోబడవలసిందే. తన ఇంట్లో పదిమందికి ఆజ్ఞలు ఇచ్చిన మనిషి ఇక్కడ వార్డు సిస్టరు ముందు చేతులు కట్టుకొని నిలబడటం ఎంత కష్టమో వయసు వచ్చాక ఏదైనా నేర్చుకొన్నవారికి తెలుస్తుంది.

తెల్లవారితే వార్డు. కట్లు కట్టటం, పుండ్లు కడగటం, జలగలు పట్టించటం, ఎనిమా ఇవ్వటం, కాళ్ళు చేతులు మర్దన చేయటం, కదలలేని రోగిని లేపకుండానే పక్క మార్చటం, పడక పుండ్లు రాకుండా చూడటం, రోగికి జావ కాచటం, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వటం, పాత్రలు శుభ్రం చేయటం, ఆపరేషన్ దగ్గర నిలబడటం ఇవన్నీ పాఠాలే. అన్నిటికన్నా పెద్ద పాఠం రోగిని కనిపెట్టి చూడటం. నాడి ఎట్లా ఉంది, నిద్ర పట్టిందా, తిన్నది ఇమిడిందా, చెమట పట్టిందా, చర్మం రంగు మారిందా? చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పాలి. ఉన్నది తగ్గించి చెప్పకూడదు, లేనిది కల్పించకూడదు.

నెలనెలా మేట్రన్ ఒక్కొక్కరి మీద ఒక పట్టిక నింపేది. అందులో రెండు భాగాలు. ఒకటి నడవడి: వేళకు రావటం, నెమ్మది, నమ్మకస్థత, శుభ్రత వంటివి. రెండవది పని: పైన చెప్పిన కట్లు, పక్కలు, వంట, గాలి వెలుతురు వంటి అంశాలు ఒక్కొక్కటీ విడివిడిగా. అత్యుత్తమం నుంచి సున్న దాకా మార్కులు. ఇది కాక విద్యార్థినులు దినచర్య వ్రాయాలి, రోగుల స్థితిగతుల మీద నోట్సు వ్రాసుకోవాలి. ఆ కాగితాలు నైటింగేల్ దాకా వెళ్ళేవి.

ఇంతవరకు చదివినవారు "ఎంత చక్కటి ఏర్పాటు!" అనుకొంటారు. కాగితం మీద చక్కనిదే. కాని చరిత్ర అంటే పొగడ్త కాదు గదా! లోటు కూడా చెప్పుకోవాలి.

లోటు ఎక్కడ వచ్చింది

ఆసుపత్రికి పనిచేసే చేతులు కావాలి. ఈ విద్యార్థినులు చవకగా దొరికిన చేతులు. ఉదయం నుంచి చీకటి పడేదాకా వార్డు పనే మింగేసేది. ఇక పాఠాలు ఎప్పుడు? ఒళ్ళు హూనమైన తరువాత దీపం ముందు కూర్చొని నోట్సు వ్రాయమంటే ఎవరివల్ల అవుతుంది? పైగా పాఠాలు చెప్పవలసిన ఆసుపత్రి వైద్యాధికారి సరిగా చెప్పటమే లేదని 1870ల మొదట్లో గాని నైటింగేల్‌కు పూర్తిగా తెలిసిరాలేదు. ఆ తరువాత జాన్ క్రాఫ్ట్ అనే సర్జనును పెట్టి పాఠాలు ఒక దారికి తెచ్చారు. 1872 నుంచి ఆమె స్వయంగా విద్యార్థినులను ఇంటికి పిలిపించుకొని మాట్లాడటం, ఏటేటా వారికి ఉత్తరం వ్రాయటం మొదలుపెట్టింది.

అప్పటిదాకా జరిగిన నష్టం ఎవరిది? చదువుకొంటామని ఇల్లు వాకిలి వదలి వచ్చిన ఆడవాళ్ళది. కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు. కొందరిని ఆరోగ్యం చాలదని పంపివేశారు. రోగుల నుంచి జబ్బు అంటుకొని ప్రాణం పోగొట్టుకొన్నవారూ ఉన్నారు.

బిడ్డ తల్లి రెబెకా

1867లో ఆ బడిలో చేరిన రెబెకా స్ట్రాంగ్ అనే ఆవిడను గురించి తప్పక చెప్పాలి. ఆమె 1843లో లండన్‌లో పుట్టింది. చిన్న వయసులోనే పెళ్ళి, ఒక ఆడపిల్ల, ఇంకా పాతికేళ్ళు రాకముందే వైధవ్యం. బిడ్డ తల్లి అయి ఉండి నర్సు బడిలో చేరింది. ఇది విన్నప్పుడు మన చుట్టుపక్కల ఎందరు ఆడపడుచులు కళ్ళ ముందు కదులుతారో మీరే చెప్పండి.

ఆ రోజులను తలచుకొంటూ ఆమె తరువాతి కాలంలో ఒక సంగతి దాచకుండా చెప్పింది. దయ, జాగ్రత్త, శుభ్రత, పడక పుండ్లు రాకుండా చూడటం తమకు బాగా నేర్పారు గాని, క్రమమైన చదువు మాత్రం చాలా కొద్దిగానే దొరికిందని ఆమె మాట. ఫిర్యాదు చేసి ఊరుకొంటే ఆమె పేరు ఈనాడు మనం చెప్పుకోం. 1879లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి మేట్రన్ అయింది. నర్సులకు ఉండటానికి సరైన వసతి గృహం కావాలని పట్టుబట్టింది. పెద్దలు ఒప్పుకోలేదు. 1885లో ఉద్యోగం వదులుకొన్నది. 1891లో మళ్ళీ వారే పిలిస్తే వెళ్ళింది.

1893లో సర్జను విలియం మెక్యూవెన్ తోడ్పాటుతో ఒక కొత్త పద్ధతి పెట్టింది. దాని సారం ఏమిటంటే, విద్యార్థిని ముందు తరగతిలో కూర్చొని శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, ఆరోగ్య సూత్రాలు చదువుకోవాలి. పరీక్ష ఇవ్వాలి. ఆ తరువాతే వార్డులో అడుగు పెట్టాలి. చదివే రోజుల్లో చదువే, పనిచేసే రోజుల్లో పనే. ఈ పద్ధతి తరువాత ఇతర ఆసుపత్రులకు ప్రాకింది. తనకు దొరకని తీరికను తన వెనక వచ్చే ఆడవాళ్ళకు సంపాదించి పెట్టిందన్నమాట! 1944లో, నూరేళ్ళు నిండిన తరువాత ఆమె కన్నుమూసింది.

ఆ బడి నుంచి వచ్చిన మరొక ఆవిడ ఆగ్నెస్ జోన్స్. ముప్ఫై ఏళ్ళ వయసులో, 1862లో చేరింది. 1865లో లివర్‌పూల్‌లో దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్ ఆసుపత్రికి 12 మంది నర్సులతో వెళ్ళింది. జీతం తీసుకొనే శిక్షణ పొందిన నర్సు అటువంటి పేదల మంచం దగ్గరకు రావటం ఇంగ్లండులో అదే మొదలు. 1868లో అక్కడే టైఫస్ జ్వరం సోకి, 35 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఏ వయసు దాటితే ఆ బడిలో చేర్చుకోరో ఆ వయసుకే ఆమె ఒక జీవితానికి సరిపడా పని చేసి వెళ్ళిపోయింది.

మన దేశంలో

మన సంగతికి వద్దాం. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1885లో లేడీ డఫరిన్ పేరిట నిధి ఏర్పడి, పరదా పాటించే ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు, నర్సులు, శిక్షణ పొందిన మంత్రసానులు ఉండాలని ప్రయత్నం జరిగింది. అది మన ఇళ్ళ కోసం కూడా పుట్టిన నిధి. మగ డాక్టరుకు చేయి చూపటానికి సంకోచించే మన స్త్రీలకు ఆడ నర్సు కావాలి. మన ఇంటి పిల్ల మాత్రం నర్సు కాకూడదు! ఇదేం న్యాయం? చాలాకాలం ఈ పనికి క్రైస్తవ, ఆంగ్లో ఇండియను స్త్రీలే ఎక్కువగా ముందుకు వచ్చారు. తక్కినవాళ్ళం వారి సేవ పొంది, వారి పనిని తక్కువ చేసి మాట్లాడుతూ వచ్చాం.

ఫలితం ఏమైంది? 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆనాడు దేశంలో 43,000 మంది జనానికి ఒక్క నర్సు. నర్సులు ఉండే వసతులు, వారు పనిచేసే పరిస్థితులు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో కూడా ఆ కమిటీ వ్రాసింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చి, చదువుకు దేశమంతటా ఒక ప్రమాణం ఏర్పడటానికి దారి ఏర్పడింది.

మా ఇంటి సంగతి

ఇప్పుడు మొదట చెప్తానన్నది చెబుతాను.

మా చెల్లెలికి 28 ఏళ్ళప్పుడు మా బావ పోయాడు. ఇద్దత్ ముగిసిన కొన్నాళ్ళకు "భాయ్, నేను నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెడతాను" అన్నది. పైన వ్రాసిన రెండు అభ్యంతరాలూ నేనే చెప్పాను. మా అమ్మ "లోకులు ఏమంటారో" అని ఏడ్చింది. చివరకు దాని పట్టుదల చూసి ఒప్పుకొన్నాం. ఒప్పుకొన్నందుకు నేను చాలా విశాల హృదయుణ్ణి అనుకొన్నాను కూడా.

సెలవులకు ఇంటికి వచ్చేది. రాగానే వంట దానిది, దాని కొడుకు పని దానిది, మా పిల్లల తలంట్లు దానివి, చుట్టాలు వస్తే చాయ్ దానిది. పుస్తకం పొయ్యి పక్కన గూట్లో పెట్టుకొని, అన్నం ఉడికేలోగా నాలుగు ముక్కలు చదువుకొనేది. ఆ పుస్తకం అట్ట మీద నూనె మరకలు నాకు ఇంకా గుర్తు. మొదటి సంవత్సరం ఒక పేపరు పోయింది. "చెప్పానా, ఈ వయసులో చదువు ఎక్కదని!" అన్నాను. అది ఎదురు చెప్పలేదు. "భాయ్, చదువు ఎక్కకపోవటం కాదు, కూర్చోవటానికి సందు దొరకలేదు" అని మాత్రం అన్నది.

మళ్ళీ వ్రాసి పాసయింది. ఎన్నో ఏళ్ళు నర్సుగా పనిచేసింది, కొడుకును చదివించుకొన్నది. మా అమ్మ చివరి రోజుల్లో మంచాన పడితే రెండు నెలలు ఒక్క పడక పుండు రానివ్వకుండా చూసింది కూడా అదే. లోకులు ఏమంటారో అన్న మా అమ్మ ఆ చేతుల మీదే పోయింది.

రెబెకా స్ట్రాంగ్ కథ చదివినప్పుడు నాకు ఆ నూనె మరకల అట్ట గుర్తుకొచ్చి సిగ్గేసింది. అక్కడ వార్డు చదువును మింగితే, ఇక్కడ మా ఇల్లు మింగింది. అక్కడ ఒక మేట్రన్ పట్టుబట్టి ఆ తప్పు దిద్దింది. ఇక్కడ అన్నగా నేను దిద్దలేదు.

కనుక సభ్య సోదరులకూ, సోదరీమణులకూ నా మనవి ఇది. మీ ఇంట్లో ఒక ఆడపడుచు గాని, కోడలు గాని, పిల్లల తల్లి గాని ఈ చదువుకు వెళ్తానంటే వయసు అడ్డు చెప్పకండి. మొదటి బడి ఆ వయసువారి కోసమే తెరిచారు. మర్యాద మాట ఎత్తకండి. అయితే "సరే, వెళ్ళు" అని ఊరుకొంటే సరిపోదు. ఆమె బిడ్డను ఒక పూట మీరు చూడండి. ఆ పూట చాయ్ మీరే కాచుకోండి. పరీక్షల ముందు ఆమెకు ఒక గది, ఒక దీపం, రెండు గంటల నిశ్శబ్దం ఇవ్వండి. మన సంఘం స్కాలర్‌షిప్పుల మాట వచ్చినప్పుడు పదహారేళ్ళ పిల్లలతో పాటు ముప్ఫై ఏళ్ళ విద్యార్థినిని కూడా లెక్కలోకి తీసుకోండి.

మా చెల్లెలు అడిగింది కూర్చోవటానికి సందు. మీ ఇంట్లో అడిగేవారికి అది దొరికేట్టు చూడండి.